తడ నుంచి ఇచ్ఛాపురం దాకా ఇద్దరే కారులో: తీరంలో ఏ జీవిని ఎక్కడ, ఏ వేళకు చూడాలి

మీరు అడిగింది ఇది: జనవరి ఆఖరి వారంలో ఎనిమిది రోజులు సెలవు పెట్టారు. భార్యాభర్తలిద్దరే. తడ దగ్గర మొదలుపెట్టి సముద్రం పక్కపక్కనే ఇచ్ఛాపురం దాకా కారులో వెళ్లాలి. ఫ్లెమింగోలు, తాబేళ్లు, డాల్ఫిన్లు, నీటికుక్కలు చూడాలి. ఆయనకు డ్రైవింగ్ ఇష్టం, మీకు కెమెరా ఇష్టం. పదకొండు చోట్లతో జాబితా రాసుకున్నారు, ఈ ఎనిమిది రోజుల్లో అన్నీ చూడగలమా అని.

అన్ని చోట్లా తిరిగి రాగలరు కానీ, ఏదీ సరిగ్గా చూడలేరు. పదకొండులో నాలుగు ఉంచుకోండి: పులికాట్-నేలపట్టు, కోరింగ, విశాఖ-భీమిలి, తేలినీలాపురం. మిగతావి ఇంకో ఏడాదికి దాచుకోండి. ఇరవై రెండేళ్లుగా మా ఆవిడా నేనూ ఈ తీరం వెంట తిరుగుతున్నాం. మొదటి ఐదారు ప్రయాణాల్లో మేమూ మీలాగే రోజుకు రెండేసి చోట్లు పెట్టుకున్నాం. పొద్దున ఒక చోట హడావిడిగా దిగడం, మధ్యాహ్నం ఎండలో ఇంకోచోటికి చేరడం, "నిన్న సాయంత్రం వచ్చుంటే బాగుండేది" అని పడవవాళ్లు అంటే విని వెనక్కి రావడం. తీరంలో జీవాలు మనం వెళ్లిన వేళకు రావు, నీరు వెళ్లిన వేళకు వస్తాయి. ఈ ఒక్క సంగతి ఒంటబట్టాక మా ప్రయాణాలు మారిపోయాయి.

అందుకే హోటళ్లు బుక్ చేసే ముందు ఆటుపోట్ల పట్టిక తెరవండి. రోజుకు సుమారు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు ఆట్లు (నీరు దిగడం). ఇవి రోజూ ఒకే టైముకి రావు, రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటాయి. ఈరోజు ఉదయం ఏడుకు నీరు పూర్తిగా తీసేస్తే, నాలుగు రోజుల తర్వాత అదే నీరు పదిన్నరకు గానీ తీయదు. అమావాస్య, పౌర్ణమి చుట్టూ రెండు మూడు రోజులు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి దగ్గర కదలిక తక్కువ. మన తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు మీటరున్నర. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది కానీ, కాకినాడ వైపు బురదనేలలు చాలా చదునుగా ఉంటాయి. అక్కడ మీటరు నీరు దిగితే చూపు ఆనినంత మేర బురద బయటపడుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల అంచనాలు, అలల హెచ్చరికలు ఇస్తుంది. విశాఖకు, కాకినాడకు మీ తేదీల పట్టిక రాసుకుని కారులో అతికించుకోండి. ఏ ఊళ్లో ఏ రోజు ఉండాలో ఆ కాగితమే తేలుస్తుంది.

ఇప్పుడు దక్షిణం నుంచి వస్తాను.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట దీవి దీన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, అటూ ఇటూ నీళ్లు. చాలామంది ఆ రోడ్డు మీద ఒకసారి వెళ్లి, ఒకసారి వచ్చి, దూరంగా తెల్లటి గీతలా కనబడిన గుంపును ఫోన్లో తీసుకుని ఇంతే కాబోలు అనుకుంటారు. ఆ రోడ్డుకు మూడు గంటలు ఇవ్వండి. రోడ్డు దాదాపు తూర్పు పడమరలుగా సాగుతుంది. జనవరిలో సూర్యుడు దక్షిణంగా వాలి తిరుగుతాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు నీళ్లను చూస్తే రోజంతా వెలుతురు మీ వెనక నుంచి పక్షి మీద పడుతుంది. దక్షిణం వైపు చూస్తే నీటి తళుకులో నల్లటి నీడలే కనబడతాయి. మీ కెమెరాకు ఇది లెన్సు కంటే ముఖ్యం.

ఫ్లెమింగో తినేటప్పుడు చూడాలి. మెడ కిందికి వంచి, తలను పూర్తిగా తలకిందులు చేసి, ముక్కు పైభాగం అడుగున ఉండేలా నీటిలో పెడుతుంది. ఒకచోట నిలబడి కాళ్లతో బురదను తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది. రేగిన బురదనీటిని నాలుకతో పంపులా లోపలికి లాగి, ముక్కు అంచుల్లోని జల్లెడ గుండా బయటికి నెట్టేస్తుంది. రొయ్యపిల్లల్లాంటి చిన్న జీవులు, నాచు లోపల మిగిలిపోతాయి. ఆ తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్లే దాని రెక్కలకు గులాబీ రంగు. గుంపులో బూడిద రంగువి కనబడితే వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలు. రంగు పట్టడానికి వాటికి ఏళ్లు పడుతుంది. రెక్కల లోపలి ఎరుపు, నలుపు అవి ఎగిరినప్పుడే కనబడతాయి. అది చూద్దామని మాత్రం హారన్ కొట్టొద్దు, చప్పట్లు చరచొద్దు. చాలామంది చేస్తారు. తిండి మధ్యలో లేచిపోయిన గుంపు మళ్లీ దిగి కుదుటపడేసరికి చాలాసేపు పడుతుంది, ఈలోగా ఇంకో కారు వచ్చి ఆగుతుంది.

ఆ ఏడు ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడి సరస్సు నిండుగా ఉంటే గుంపులు లోతు తక్కువున్న చోట్లకు పోయి రోడ్డుకు దూరంగా ఉంటాయి. నీరు పలచబడ్డ కొద్దీ దగ్గరకు వస్తాయి. ఇంకో సంగతి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ రోడ్డు మీద పక్షుల పని జరగదు. ప్రయోగ తేదీ చూసుకోండి. ఆ పరిసరాల్లో డ్రోన్ బయటకే తీయకండి.

పులికాట్‌కు దగ్గర్లోనే, దొరవారిసత్రం వైపు నేలపట్టు. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఇక్కడ చూడాల్సింది గూడబాతుల (పెలికాన్ల) కాపురం. చెరువులో నీళ్లలో మునిగి నిలబడ్డ నీరుకడప చెట్ల మీద గూళ్లు కడతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడ సంసారాలు నడుస్తాయి, కాబట్టి మీరు వెళ్లేసరికి పిల్లలు ఉంటాయి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపలు తింటుంది. మెడ దాకా లోపలికి పోయి, రెక్కలు టపటపలాడించుకుంటూ, తల్లిని అటూ ఇటూ ఊపేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ గాభరాపడి నా చెయ్యి పట్టుకుంది, పిల్ల ఇరుక్కుపోయిందేమోనని. అదే చెట్ల మీద నత్తగుల్లకొంగలు, తెల్ల కంకణాలు, చింతవక్కలు, నీటికాకులు. నత్తగుల్లకొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది, బైనాక్యులర్‌లో అది చూడండి. చుట్టుపక్కల రైతులకు ఈ పక్షులంటే అభిమానం. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. నేలపట్టులోనూ, తేలినీలాపురంలోనూ మీకు ఎవరో ఒకరు "ఇవి సైబీరియా నుంచి వచ్చిన పక్షులు" అని చెబుతారు. పత్రికల్లో కూడా ఏటా అదే మాట. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశపు పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్నచోటికి కాలాన్ని బట్టి మారుతూ మన చెట్ల మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అసలు సైబీరియా కొంగ మన దేశంలో భరత్‌పూర్‌కు వచ్చేది, 2002 తర్వాత అదీ రాలేదు. సైబీరియా నుంచి నిజంగా వచ్చేవి ఎవరూ పట్టించుకోని చిన్న పిట్టలు. బురద అంచున ఎలుకపిల్లల్లా పరుగులు తీసే ఉల్లంకి జాతివి. అందులో లిటిల్ స్టింట్ అనేదాని బరువు పాతిక గ్రాములు, అటూ ఇటుగా. ఉత్తర ధ్రువం అంచునున్న చెట్లులేని మైదానాల్లో పుట్టి ఇంతదూరం ఎగిరొస్తుంది. అది నా కాళ్లకు పది గజాల్లో తింటుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దీన్ని ఊరి పక్షి అనుకుని, చెట్టు మీది గూడబాతును విదేశీ అతిథి అనుకుని వెళ్లిపోకండి, ఇది నా విన్నపం.

సూళ్లూరుపేటలో రెండు రాత్రులు ఉన్నాక కాకినాడ దాకా పెద్ద దూరం. ఒక్క రోజులో పోగలరు కానీ వద్దు. ఒంగోలు దాకా జాతీయ రహదారి 16 మీద వచ్చి, అక్కణ్నుంచి 216 పట్టుకోండి. అది చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం మీదుగా కాకినాడ దాటి కత్తిపూడి దగ్గర మళ్లీ 16లో కలుస్తుంది. బాపట్లలో ఒక రాత్రి ఆగండి, ఎర్ర పీతల కోసం. సూర్యలంకలో జనం స్నానాలు చేసే చోటు వదిలి కొంచెం పక్కకు నడిస్తే ఇసుక ఎర్రగా కదులుతూ కనబడుతుంది, మీరు నాలుగడుగులు వేయగానే ఖాళీ. అన్నీ బొరియల్లోకి. అప్పుడు ఇద్దరూ ఇసుకలో కూర్చోండి. కదలకండి. ఐదు నిమిషాలకు ఒక బొరియ అంచున పుల్లల్లా నిలబడ్డ రెండు కళ్లు పైకి వస్తాయి, ఆ కళ్లే ముందు చుట్టూ తిరిగి చూస్తాయి. తర్వాత ఒక పక్క కాళ్లు. తర్వాత ఒడినిండా ఇసుక పట్టుకుని వచ్చి, గుమ్మం ముందు విసిరికొట్టి, మళ్లీ లోపలికి. పది నిమిషాలు గడిస్తే మీ చెప్పుల దాకా వస్తాయి. కదలకుండా కూర్చోవడం మీకు నేర్పేది ఈ పీతలే. ఇక్కడ సాధన చేసి కోరింగ వెళితే నీటికుక్కలు కనబడే వీలు పెరుగుతుంది.

కోరింగకు మూడు రాత్రులు ఇవ్వండి, అంటే మకాం కాకినాడలో. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. గోదావరి సముద్రంలో కలిసేచోట పెరిగిన మడ అడవి. చొల్లంగిపేట దగ్గర చెక్క వంతెన మీద నడిచే దారీ, కాలవల్లోకి పడవా ఉన్నాయి. అందరూ చేసే పొరపాటేమంటే రెండూ ఒకే పూట కానిచ్చేస్తారు. వంతెనకు కావలసింది ఆటు, పడవకు కావలసింది పోటు. నీరు దిగినప్పుడు వెళితే వంతెన కింద బురద బయటపడి ప్రాణాలతో కిటకిటలాడుతుంది, పడవ మాత్రం చిన్న కాలవల్లోకి పోదు. నీరు ఎక్కినప్పుడు వెళితే పడవ లోపలి దాకా పోతుంది కానీ వంతెన కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. కాబట్టి ఒకరోజు ఆటు వేళకు వంతెన, ఇంకోరోజు ఎక్కుతున్న పోటులో పడవ. జనవరిలో ఆదివారం వద్దు, పిక్నిక్ పాటల మధ్య లకుముకి పిట్ట కూడా నిలవదు.

వంతెన మీద చివరిదాకా నడిచే పని లేదు. నీడ ఉన్న ఒక మలుపులో కూర్చుని కిందికి చూడండి. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడచెట్ల శ్వాసవేళ్లు. ఉప్పుబురదలో గాలి ఉండదు కాబట్టి వేళ్లు ముక్కులు బయటపెట్టి ఊపిరి తీసుకుంటాయి. వాటి మధ్య, బురద రంగులోనే, బొటనవేలంత చేప ఒకటి నీటి బయట కూర్చుని ఉంటుంది. మడ్‌స్కిప్పర్. ముందు రెక్కల మీద మోచేతులు ఆనించినట్టు ఆనుకుని పాకుతుంది. కళ్లు నెత్తి మీద కప్పలా. ఉండుండి ఒక కన్ను లోపలికి లాక్కుని తడిపి మళ్లీ పైకి తెస్తుంది, తర్వాత రెండోది. మొప్పల గదుల్లో నీళ్లు నింపుకుని వస్తుంది, తడిచర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. ఇంకొకటి దగ్గరకొస్తే వీపు మీది రెక్క విసనకర్రలా విప్పుతుంది, నేను చూసినప్పుడు నీలం చుక్కలు తళుక్కుమన్నాయి. పక్కనే ఒక గోరు మాత్రమే ఒళ్లంత పెద్దదిగా ఉన్న చిన్న పీతలు. అవి మగవి, ఆ గోరు పైకెత్తి దించుతూ ఆడవాటిని పిలుస్తాయి. వంద పీతలు ఒకేసారి చేతులు ఊపుతుంటే పక్కన ఎవరున్నారో కూడా మర్చిపోతాం.

చెట్ల ఆకులు తెంపొద్దు. ముఖ్యంగా తిల్ల చెట్టు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నల్లమడ, తెల్లమడ, పొన్న ఏదేదో పడవవాళ్లను అడగండి, బాగా చెబుతారు.

నీటికుక్కలు కుటుంబాలుగా తిరుగుతాయి. వాటికి పొద్దున్నే, సాయంత్రమే. ముందు చెవికి అందుతాయి, చిన్నపిల్లల కీచుమాటల్లాంటి ఈలలు. తర్వాత నీటి మీద వరసగా నున్నటి తలలు. మేము మొదటిసారి చూసింది 2011లో. నేను చెట్టుకొమ్మ మీది గద్దను ఫోటో తీస్తున్నాను. మా ఆవిడ మాట్లాడకుండా నా భుజం మీద రెండుసార్లు తట్టి ఎడమ గట్టు చూపించింది. ఐదు నీటికుక్కలు. ఒకటి చేపను రెండు చేతులతో పట్టుకుని తల వైపు నుంచి నమిలేస్తోంది, ఆ ఎముకల చప్పుడు పడవలోకి వినబడింది. పడవాయన కర్ర నీళ్లలోంచి తీయకుండా అలాగే నిలిపాడు. నిమిషమో రెండు నిమిషాలో. తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి. ఆ రోజు నుంచి భుజం మీద రెండు తట్లు మా ఇద్దరి భాష అయింది. మీరూ ఇలాంటిదొకటి పెట్టుకోండి. "అదిగో!" అన్న అరుపుతో పోయే జంతువులే ఎక్కువ.

బావురుపిల్లి కూడా ఈ అడవిదే, చేపలు పట్టి తింటుంది. రాత్రి తిరిగేది, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆటు వేళ బురద మీద దాని అడుగులు కనబడితే అదే పెద్ద అదృష్టం.

పెద్ద లెన్సు ఉంటే కాకినాడలో ఇంకొక పూట కుంభాభిషేకం అని పిలిచే చోటి దగ్గరి బురదమేటలకు వెళ్లండి. ఇక్కడ సమయం తప్పితే దండగ. పూర్తి ఆటులో వెళితే పిట్టలన్నీ కిలోమీటరు దూరంలో చుక్కల్లా ఉంటాయి. నీరు ఎక్కుతున్నప్పుడు, పూర్తి పోటుకు రెండు గంటల ముందు చేరి ఒడ్డున కూర్చోండి. మేత నేల మునిగే కొద్దీ నీరే వాటిని మీ వైపు తోసుకొస్తుంది. మీరు వాటివైపు ఒక్క అడుగు కూడా వేయక్కర్లేదు. కింది ముక్కు పైదానికంటే పొడుగ్గా ఉండే ఇండియన్ స్కిమ్మర్లు శీతాకాలంలో ఇక్కడికి వస్తాయి. నీటిని కత్తితో చీరినట్టు కింది ముక్కుతో కోస్తూ ఎగురుతాయి. సైబీరియాలో గుడ్లుపెట్టే గ్రేట్ నాట్ అనే అరుదైన పిట్ట కూడా ఇక్కడ కనబడుతుంది.

తాబేళ్ల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే మీరు చూడాలన్నవాటిలో అవీ ఉన్నాయి. జనవరిలో పిల్లలు సముద్రంలోకి పరిగెత్తే దృశ్యం దాదాపు దొరకదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి. ఒక గూటిలో వంద దాటి గుడ్లు. పొదగడానికి ఏడెనిమిది వారాలు. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది, వేడెక్కువైతే ఆడవి. అంటే పిల్లల కోసం మార్చిలో రావాలి. విశాఖ తీరంలో అటవీశాఖ గుడ్లను కంచె వేసిన హేచరీలో పొదిగించి పిల్లల్ని వదులుతుంది, ఆ రోజుల్లో అడిగి వెళితే చూడొచ్చు. వేలకొద్దీ తల్లులు ఒకేసారి ఒడ్డెక్కడం చూడాలంటే ఇచ్ఛాపురం దాటి ఒడిశా గంజాం జిల్లాలో ఋషికుల్య నదీముఖం, అదీ ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలోనే, అన్ని ఏళ్లూ జరగదు.

జనవరిలో మీకు దొరికేది జాడ. తెల్లవారుజామున, కుక్కలూ బళ్లూ తిరగకముందు ఒడ్డున నడిస్తే ఇసుకలో రెండున్నర అడుగుల వెడల్పున ట్రాక్టరు చక్రం పోయినట్టు గీత కనబడుతుంది. రిడ్లే ఎడమ కుడి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది కాబట్టి గుర్తులు ఎదురెదురుగా కాక వంకరగా పడతాయి. సముద్రం నుంచి పైకి ఒకటి, దిగిన దారి ఇంకొకటి, మధ్యలో చిందరవందరైన ఇసుక. అక్కడ తవ్వొద్దు, తొక్కొద్దు, ఫోటోకు ఊరి పేరు తగిలించి అందరికీ పంపొద్దు. దగ్గర్లోని అటవీ సిబ్బందికో, హేచరీ కాపలావాళ్లకో చెప్పండి. రాత్రి తల్లి ఎదురుపడితే టార్చి ఆర్పి, దాని వెనక దూరంగా కూర్చోండి. నీళ్లలోంచి వచ్చేటప్పుడు వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. పెట్టడం అయ్యాక ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఆ ఇసుకను దబదబ కొట్టి బిగిస్తుంది. ఆ చప్పుడు నేల గుండా మన కాళ్లకు తెలుస్తుంది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయి. ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథులవి. ఆ సంగతి నాకు తెలుసు, అయినా చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

చచ్చిన తాబేళ్లు కూడా కనబడతాయి, మనసు సిద్ధం చేసుకోండి. ఊపిరి కోసం పైకి రావలసిన జీవి అది, ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక పోతుంది. దాని ఫోటో తీసి తేదీ, చోటు రాసి అటవీశాఖకు పంపితే ఆ లెక్క పనికొస్తుంది. మత్స్యకారుల్ని తిట్టుకోకండి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డున వలలో చిక్కిన వేల్ షార్క్‌ను అటవీ సిబ్బందితో కలిసి తిరిగి సముద్రంలోకి పంపింది మత్స్యకారులే.

విశాఖలో మీకు కావలసింది ఉదయపు ఆటు. రుషికొండ, మంగమారిపేట వైపు రాళ్ల మధ్య నీరు దిగాక గుంటలు మిగులుతాయి. పూర్తి ఆటుకు గంట ముందు చేరండి, నీరు తిరగ్గానే బయటికి వచ్చేయండి. గుంట మీద మీ నీడ పడకుండా వంగి చూడండి. మొదటి నిమిషం ఖాళీ నీళ్లే. రెండో నిమిషంలో ఒక గవ్వ నడుస్తుంది, లోపల సన్యాసి పీత. రాయికి అంటుకున్న జిగురు ముద్ద రేకులు విప్పుతుంది, అది సీ అనిమోన్. రాళ్లు తిరగేయకండి, అడుగున బతికేవి ఎండకు చస్తాయి. ఏదీ పట్టుకోకండి. పాచి రాళ్లు జారతాయి, పట్టున్న చెప్పులు కావాలి. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు వద్దు, ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలకు ఏటా ప్రాణాలు పోతున్నాయి.

డాల్ఫిన్ల కోసం పడవ వెతక్కండి. గాలి లేవకముందు, తెన్నేటి పార్కులాంటి ఎత్తైన చోటు నుంచి బైనాక్యులర్‌తో నీటిని వరసలుగా చదవండి, ఎడమ నుంచి కుడికి, తర్వాత కొంచెం దూరం. పక్షులు గుమిగూడి నీటిలోకి దూకుతున్న చోట ఆగండి. చేపలున్న చోటే డాల్ఫిన్లు. రోజూ కనబడతాయని మాత్రం మాటివ్వలేను.

చివరి మజిలీ తేలినీలాపురం, టెక్కలి దగ్గర. విశాఖ నుంచి మూడు గంటల పైన. ఊరి చింతచెట్ల మీదే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు పెడతాయి. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం. అది మనుషులు ఉంటున్న ఊరు. ఇళ్ల గుమ్మాల ముందు కారు పెట్టకండి, చెట్టు కింద పెద్దగా మాట్లాడకండి. ఒక పెద్దాయనతోనో పెద్దమ్మతోనో కూర్చుని అడగండి, ఏ చెట్టు మీద ఎప్పుడు పిల్లలు దిగాయో వేలు పెట్టి చూపిస్తారు.

ఇక మీ ఇద్దరి సంగతి. ఒక్క బైనాక్యులర్‌తో బయల్దేరకండి. "నాకివ్వు, నాకివ్వు" అనేలోపు పక్షి పోతుంది, మాటా పెరుగుతుంది. చవకవైనా రెండు కొనండి. 8×42 అని రాసినది చాలు. పది రెట్లది పడవలో చెయ్యి వణికి బొమ్మ నిలవదు. ఇసుక పడ్డ అద్దాన్ని ముందు ఊది, తర్వాతే తుడవండి, లేదంటే గీతలు పడతాయి. బండి నడుపుతున్నవారు రోడ్డునే చూడాలి, పక్కవారు చూడాలి, గంటన్నరకోసారి మారాలి. ఆయన ఎనిమిది రోజులూ స్టీరింగ్ దగ్గరే ఉంటే ఈ ప్రయాణం మీ ఒక్కరిదే అవుతుంది. దిక్కు చెప్పడానికి గడియారం వాడండి: కారు ముక్కు పన్నెండు, కుడి పక్క మూడు. "ఆ చెట్టు పక్కన" అంటే ఏ చెట్టో తేలదు, "రెండు గంటల వైపు, కరెంటు స్తంభం కింద" అంటే తేలుతుంది. ఉప్పుచెరువుల దగ్గర, కాలవగట్ల దగ్గర కారు దిగకండి. పక్షులు కారుకు అంతగా బెదరవు, మనిషి ఆకారానికి బెదురుతాయి. రోడ్డు వదిలి పక్కకు ఆపి, ఇంజన్ ఆపి, కిటికీ అంచున మడిచిన తువ్వాలు వేసి దాని మీద లెన్సు ఆనించండి.

మీరు కెమెరాలో మునిగి ఉన్నప్పుడు ఆయన పక్షుల్ని లెక్కపెట్టాలి. గుంపులో పదిని లెక్కించి, ఆ పది ఎంత మేర ఉన్నాయో చూసి, అలాంటివి ఎన్ని ఉన్నాయో అంచనా వేయడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఆ అంకెలు పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించండి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి. మీ తేదీలు కలిస్తే మీ లెక్క కూడా అందులో చేరుతుంది. పక్షులంటే పెద్దగా పట్టని మనిషికి కూడా చేతిలో ఒక పని ఉంటే విసుగు రాదు, ఇది నేను మా తమ్ముడి విషయంలో చూశాను.

రోజుల లెక్క కుదిరింది: ఏడు రాత్రుల్లో సూళ్లూరుపేట రెండు, బాపట్ల ఒకటి, కాకినాడ మూడు, విశాఖ ఒకటి. ఎనిమిదో రోజు పొద్దున విశాఖ రాళ్లు, సాయంత్రానికి తేలినీలాపురం. ఇచ్ఛాపురం దాకా చేరకపోయినా నష్టం లేదు. ఆ వారంలో కాకినాడలో ఏ రోజు ఉదయం ఆటు పడుతుందో చూసి, అవసరమైతే ఇదే వరసను ఉత్తరం నుంచి దక్షిణానికి తిప్పేయండి. మీ ఖచ్చితమైన తేదీలు కింద రాస్తే వంతెన ఏ పూట, పడవ ఏ పూట అన్నది నేనే పట్టిక చూసి చెబుతాను.